టురిన్ మౌటో మ్యూజియం: నోర్మా డెస్మండ్ కారు కోసమైనా చూడాలి

పాత హాలీవుడ్ సినిమాల్లో కార్లని గుర్తుపట్టే అలవాటు ఉన్నవాళ్ళు ఇటలీ వస్తే, రోమ్, వెనిస్ తరవాత చూసుకోవచ్చు, ముందు టురిన్ రండి. ఇక్కడి జాతీయ ఆటోమొబైల్ మ్యూజియాన్ని ఊళ్ళో అందరూ మౌటో అంటారు. 'సన్‌సెట్ బూలెవార్డ్' సినిమాలో గ్లోరియా స్వాన్సన్ ఎక్కి తిరిగిన 1929 నాటి ఇసోత్తా ఫ్రాస్కిని అనే ఇటాలియన్ కంపెనీ కారు ఈ మ్యూజియంలోనే ఉంది. ఆ మోడల్ లాంటి ఇంకో బండి కాదు, దాని నమూనా కాదు, కెమెరా ముందు నిలబడ్డ బండే. ఆ ఒక్క బండి కోసం టికెట్ కొన్నా డబ్బులు గిట్టుబాటే. మిగతా రెండు వందల పైచిలుకు కార్లు దాని మీద లాభం.

సినిమా చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే కారుని గుర్తుపట్టడమనే పని ఆ కథలోనే ఉంది. 1950లో బిల్లీ వైల్డర్ తీశాడు. సైలెంట్ సినిమాల కాలంలో వెలిగి, మాటలు వచ్చాక మరుగున పడిపోయిన నోర్మా డెస్మండ్ అనే హీరోయిన్ కథ, ఆ వేషం వేసింది స్వాన్సన్. అప్పులవాళ్ళు వచ్చి తన ప్లిమత్ కారుని లాక్కుపోకుండా దాచుకోడానికి హీరో ఆవిడ గరాజులోకి దూరతాడు. అక్కడ దుమ్ము కొట్టుకుపోయి ఒక భారీ విదేశీ బండి ఉంటుంది. నంబరు ప్లేటు మీద సంవత్సరం 1932. ఈ ఇంటివాళ్ళు అప్పుడే ఖాళీ చేసి వెళ్ళిపోయి ఉంటారని అతను లెక్క వేసుకుంటాడు. మన పని మొదలయ్యేది కూడా సరిగ్గా అలాగే. సినిమాలో కారు కనపడగానే ముందు చూడాల్సింది నంబరు ప్లేటు. కాలిఫోర్నియా ప్లేట్ల మీద అప్పట్లో సంవత్సరం ఉండేది కాబట్టి ఆ ఒక్క ముక్కతో సగం పని అయిపోతుంది.

తరవాత పారమౌంట్ స్టూడియో నుంచి ఆవిడకి ఫోన్ల మీద ఫోన్లు. డైరెక్టరు సిసిల్ బి. డెమిల్ తనని మళ్ళీ సినిమాలోకి పిలుస్తున్నాడని ముస్తాబై, అదే కారులో స్టూడియోకి వెళుతుంది. తీరా చూస్తే ఫోన్ చేసింది డెమిల్ కాదు, సామాన్లు సమకూర్చే విభాగం మనిషి. అతనికి కావలసింది ఆవిడ కాదు, ఆ పాత కారు. వేరే సినిమాకి అద్దెకి ఇస్తారేమోనని అడగడానికి చేశాడు. ఈ సీను ఎప్పుడు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. హాలీవుడ్‌లో ఇలాంటి బండ్ల బతుకు ఎలా సాగిందో కూడా అందులోనే తెలిసిపోతుంది. కొత్తప్పుడు తారల ఇంటి ముందు నిలబడ్డాయి, పాతబడ్డాక స్టూడియోలకి అద్దెకి తిరిగాయి. అలా తిరిగాయి కాబట్టే కొన్ని తుక్కు కింద పోకుండా మిగిలాయి.

మ్యూజియంకి మా నాన్నని తీసుకెళ్ళాను. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన మనిషి, మా దగ్గరికి చుట్టపు చూపుగా వచ్చారు. నేను ఇక్కడ కార్ల విడిభాగాల కంపెనీలో పని చేస్తాను. సినిమాల వైపు నుంచి నాకు తెలిసింది నేను చెబుతుంటే, రేకు వైపు నుంచి ఆయనకి తెలిసింది ఆయన చెప్పారు. నిజం చెప్పాలంటే ఆ కారు ఎదురుగా నాకంటే ఆయనే ఎక్కువ చూశారు.

మామూలుగా పాత కారు దగ్గర ఎవరైనా బొమ్మ చూస్తారు, బ్యాడ్జీ చదువుతారు, ఫోటో తీసుకుని కదులుతారు. నాన్న బానెట్ ఎత్తుకి వంగి, ఒక కన్ను మూసి, పైనున్న దీపం వెలుగు రేకు మీద ఎలా పారుతోందో ఒక చివర నుంచి ఇంకో చివరదాకా చూశారు. టింకరింగ్ చేసేవాళ్ళు సొట్ట తీశాక ట్యూబులైటు కింద చూసేది అలాగే. గీత ఎక్కడన్నా వణికితే అక్కడ సుత్తి దెబ్బ మిగిలినట్టు. అటు చూసి, ఇటు చూసి, "ఇంత పొడుగు బానెట్టు మీద లైటు గీత చెదరలేదు చూశావా అమ్మా! చేత్తో కొట్టిన రేకు ఇది. ఎవరు కట్టారో గానీ దణ్ణం పెట్టాలి" అన్నారు.

కట్టింది మిలన్‌లోని కాస్తాన్యా అనే బాడీలు కట్టే కంపెనీ. ఇసోత్తా ఫ్రాస్కిని కంపెనీ ఇచ్చింది చాసిస్ (అంటే బండి అడుగు చట్రం), ఇంజను, ముందు రేడియేటరు. పైన బాడీ ఎలా ఉండాలో కొన్నవాళ్ళ ఇష్టం. కాస్తాన్యా దగ్గరికో, ఇంకో బాడీ బిల్డరు దగ్గరికో పంపించుకుని కట్టించుకునేవాళ్ళు. ఈ ముక్క చెప్పగానే నాన్న మొహం వెలిగిపోయింది. "మనదీ అదే కదే! హోసూరు నుంచి లేలాండ్ చాసిస్ వచ్చేది. క్యాబిన్ కూడా ఉండేది కాదు, డ్రైవరు మొహానికి తువ్వాలు చుట్టుకుని ఎండలో తోలుకొచ్చేవాడు. ఇక్కడికి వచ్చాకే దానికి రూపం."

సినిమా కార్లు గుర్తుపట్టేవాళ్ళు చాలామంది తడబడేది ఇక్కడే. 1920ల్లో, 30ల్లో ఖరీదైన కారుకి రెండు పేర్లు ఉంటాయి. ఒకటి చాసిస్ చేసినవాళ్ళది, రెండోది బాడీ కట్టినవాళ్ళది. రెండూ చెబితేనే కారు చెప్పినట్టు. 'ఇసోత్తా ఫ్రాస్కిని టీపో 8ఏ' అని ఆగిపోతే సగమే. 'బాడీ కాస్తాన్యా' అని చేర్చాలి. ఒకే చాసిస్ మీద కట్టిన రెండు బండ్లు అన్నదమ్ముల్లాగా కూడా ఉండకపోవచ్చు. 1937లో వచ్చిన 'టాపర్' సినిమాలో క్యారీ గ్రాంట్ నడిపిన కారే తీసుకోండి. వెనక తోక లాగా నిక్కి ఉంటుంది, ఏ కంపెనీదో చప్పున తోచదు. కింద ఉన్నది మామూలు బ్యూక్ చాసిస్. పైన బాడీ పాసడీనాలోని బోమన్ అండ్ ష్వార్జ్ వాళ్ళ పని. బ్యూక్ కేటలాగులు ఎన్ని తిరగేసినా ఆ బొమ్మ దొరకదు.

అందుకని బాడీ వంక చూసి కంపెనీ పేరు చెప్పకూడదు. బాడీ బిల్డరు చెయ్యి పడని భాగాలు చూడాలి. రేడియేటరు ఆకారం, చక్రాల మధ్య మూతలు, బానెట్ పొడవు. ఇసోత్తాకి బానెట్ అంత పొడుగు ఎందుకంటే దాని కింద ఎనిమిది సిలిండర్లు ఒకే వరసలో ఉన్నాయి. 1919లో ఈ కంపెనీ టీపో 8 బయటపెట్టింది. వరసగా ఎనిమిది సిలిండర్లున్న ఇంజనుతో మామూలుగా అమ్మకానికి తయారైన మొట్టమొదటి కారు అదే. జూస్తీనో కత్తానెయో డిజైను. 8ఏ వచ్చేసరికి ఇంజను 7.4 లీటర్లు అయింది. ఫోటోలో చూస్తే అది అందం కోసం సాగదీసిన పొడుగు అనుకుంటాం. పక్కన నిలబడి చూస్తే ఇంజను అడిగిన జాగా అని తెలుస్తుంది. ఈ మ్యూజియం నాకు నచ్చింది ఇందుకే. తెర మీద చదునుగా కనపడినది ఇక్కడ నిజమైన కొలతల్లో నిలబడి ఉంటుంది. ఇక్కడ చూసి ఇంటికెళ్ళి మళ్ళీ సినిమా పెడితే, స్టూడియో గేటు దగ్గర ఆ ముక్కు తెరంతా ఎందుకు ఆక్రమించిందో అర్థమవుతుంది.

సినిమాలో నోర్మా ఈ కారు 28,000 డాలర్లు అని గొప్పగా చెప్పుకుంటుంది. ఆ రోజుల్లో ఫోర్డ్ వాళ్ళ 'మోడల్ ఏ' కారు ఐదారు వందల డాలర్లకి వచ్చేది. లోపల సీట్లన్నీ చిరుతపులి చర్మం, డ్రైవరుతో మాట్లాడటానికి బంగారు పూత ఫోను. డ్రైవరు వేషం వేసిన ఎరిక్ ఫాన్ స్ట్రోహైమ్‌కి అసలు డ్రైవింగే రాదు. స్వయంగా పెద్ద డైరెక్టరు, సైలెంట్ రోజుల్లో స్వాన్సన్‌నే డైరెక్ట్ చేసినవాడు, స్టీరింగ్ మాత్రం చేతకాదు. కనపడకుండా తాడు కట్టి బండిని లాగితే ఆయన తోలుతున్నట్టు నటించాడని, అయినా పారమౌంట్ గేటుకి కొట్టేశాడని వైల్డర్ తరవాత చెప్పాడు. నాన్నకి ఇది చెబితే ఆయనకి సినిమా గోల పట్టలేదు. "తాడు కట్టి లాగితే మరి బ్రేకు ఎవడు తొక్కాడమ్మా?" అని అడిగారు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ కూడా అదే ఆలోచన ఆయనది.

మౌటోకి వెళ్ళేముందు కొంచెం కళ్ళు తయారు చేసుకుని వెళ్ళడం మంచిది. పాత సినిమాలు చూసేటప్పుడు నేను వెతికే గుర్తులు కొన్ని చెబుతాను. ఇవన్నీ అమెరికన్ కార్లే. పాకార్డ్ రేడియేటరు పైన భుజాలు ఎద్దు కాడిలా వంపు తిరిగి ఉంటాయి, చక్రం మూత మధ్యలో ఆరు పలకల గుర్తు ఉంటుంది. అసలు రంగు ఎరుపు, నలుపు తెలుపు సినిమాలో ముదురు మచ్చలా కనపడుతుంది. మడ్‌గార్డులోంచి మొలిచినట్టు హెడ్‌లైట్లు ఉంటే బఫెలో నగరంలో తయారైన పియర్స్ యారో. బానెట్ పక్క నుంచి మెరిసే గొట్టాలు వంకీలు తిరిగి బయటికి వస్తే డ్యూసెన్‌బర్గ్ ఎస్‌జే అయ్యుండొచ్చు. కానీ తరవాత్తరవాత మామూలు మోడల్ జె కొన్నవాళ్ళు కూడా ఆ గొట్టాలు పెట్టించుకున్నారు కాబట్టి వాటిని చూసి ప్రమాణం చెయ్యకూడదు. హెడ్‌లైట్లు మడ్‌గార్డుల్లోకి దాక్కుని, ముక్కు శవపేటికలా పలకలుగా ఉంటే 1936, 37 నాటి 'కార్డ్' కంపెనీ కారు. గార్డన్ బ్యూరిగ్ గీసిన ఆ కారుని ఒకసారి చూస్తే ఇక మర్చిపోలేం.

డ్యూసెన్‌బర్గ్ పేరు వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 1935లో ఆ కంపెనీ పొట్టి చాసిస్ మీద ఎస్‌ఎస్‌జే అనే మోడల్ బండ్లు రెండే రెండు తయారు చేస్తే, ఒకటి గ్యారీ కూపర్ దగ్గర, ఇంకోటి క్లార్క్ గేబుల్ దగ్గర ఉండేవి. కూపర్ నడిపిన బండి 2018లో వేలానికి వస్తే 2.2 కోట్ల డాలర్లు పలికింది. తారలు సొంతానికి వాడిన బండి వేరు, సినిమాలో కనపడిన బండి వేరు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పేవాళ్ళు బోలెడంతమంది.

సంవత్సరం దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సినిమా వచ్చిన ఏడు, కథ జరిగే ఏడు, కారు తయారైన ఏడు, మూడూ మూడు దారులు. 1974లో వచ్చిన 'ద గ్రేట్ గాట్స్‌బీ' కథ 1922 ఎండాకాలంలో జరుగుతుంది. గాట్స్‌బీ నడిపేది 1928 రోల్స్ రాయిస్ ఫాంటమ్. ఆ మోడలే 1925 దాకా పుట్టలేదు. కథ ప్రకారం అది రోడ్డు మీద ఉండటానికి వీల్లేని కారు. చూడటానికి మాత్రం కన్ను తిప్పుకోలేం. అదే 'గాడ్‌ఫాదర్'లో సోనీ కారు చూడండి, 1941 లింకన్ కాంటినెంటల్. కథ యుద్ధం అయ్యాక నడుస్తుంది. 1942 మొదట్లో అమెరికాలో మామూలు జనానికి కార్ల తయారీ ఆపేశారు, కాబట్టి డబ్బున్న కుర్రాడి దగ్గర 41 మోడల్ ఉండటం ఎంతో సహజం. ఆ సినిమాకి కార్లు ఎంచినవాళ్ళు ఈ లెక్క వేశారనే నా నమ్మకం.

రోల్స్ రాయిస్ రేడియేటరు విషయం మౌటోలోనే కళ్ళారా చూడొచ్చు. ఇక్కడ 1914 నాటి సిల్వర్ ఘోస్ట్ ఉంది. గ్రీకు గుడి ముఖద్వారంలా ఉండే ఆ రేడియేటరు దూరం నుంచి గీత గీసినట్టు తిన్నగా కనపడుతుంది. దగ్గరికి వెళ్ళి అంచు వెంట చూస్తే కాస్త ఉబ్బెత్తు తెలుస్తుంది. పూర్తిగా చదునుగా చేస్తే కంటికి లోపలికి నొక్కుకుపోయినట్టు కనపడుతుందని అలా చేశారు. నాన్న చూపు మొదట దాని మీదే పడింది. రేకు పని చేసేవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదేమో.

వేరే ఊళ్ళో ఒక ప్రైవేటు కలెక్షన్‌కి వెళ్ళాను, పేరు వద్దు. అక్కడ సగం కార్లకి 'ఫలానా సినిమాలో వాడారు' అని బోర్డులు. ఏ సీనులో అంటే సమాధానం లేదు. ఒక పాకార్డ్ ముందు నిలబడి ఫోన్‌లో ఆ సినిమా పెట్టి పోల్చి చూశాను. తెర మీద బండికి స్పేరు చక్రాలు ముందు మడ్‌గార్డుల పక్కన ఉన్నాయి, ఎదురుగా ఉన్న దానికి వెనక ఉంది. తలుపుల లెక్కా కుదరలేదు. డబ్బు పెట్టి వచ్చినవాళ్ళకి అలా చెప్పడం నాకు కష్టంగా అనిపించింది. సినిమా బండి అని చెప్పాలంటే ఆ బండేనని తేలాలి. అదే మోడల్ అయితే 'ఇలాంటిదే' అని రాయాలి. మౌటోలో ఇసోత్తా ముందు ఆ అనుమానం లేకుండా నిలబడగలిగాను.

మిగతా మ్యూజియం గురించి క్లుప్తంగా చెబుతాను. ఇది హాలీవుడ్ కార్ల మ్యూజియం కాదు, కార్ల చరిత్ర మొత్తానికి సంబంధించినది. తెర మీది కార్లు గుంపుగా కావాలంటే లాస్ ఏంజిలిస్‌లో పీటర్సన్ మ్యూజియంకి వెళ్ళండి. డ్యూసెన్‌బర్గ్‌లు కావాలంటే అదే ఊరి ఉత్తరాన సిల్మార్‌లోని నెదర్‌కట్ కలెక్షన్ ఉంది, 1933 చికాగో ప్రపంచ ప్రదర్శనలో పెట్టిన 'ట్వంటీ గ్రాండ్' అనే డ్యూసెన్‌బర్గ్ అక్కడే ఉంటుంది. మౌటోలో పై అంతస్తు నుంచి కిందికి దిగుతూ చూసుకుంటూ రావాలి. 1899 నాటి ఫియట్ మొదటి కారు, 1954 ఫియట్ టర్బైన్ కారు, రెండో ప్రపంచ యుద్ధం తరవాతి చిసితాలియా కారు, అన్నీ తీరిగ్గా చూడదగ్గవే. నాన్న మాత్రం 1907లో పెకింగ్ నుంచి పారిస్ దాకా పందెం గెలిచిన ఇతాలా కారు దగ్గర పాతుకుపోయారు. దారిలో రష్యాలో చక్రం విరిగిపోతే ఒక పల్లెటూరి వడ్రంగి గొడ్డలితో చెక్కి బాగు చేసి ఇచ్చాడని చెప్పాను. "ఆ వడ్రంగి పేరు ఎక్కడన్నా రాశారా?" అని చుట్టూ వెతికారు.

కార్ల వెనక పెట్టిన ఏర్పాట్లు కొంచెం సినిమా సెట్టింగుల్లా ఉంటాయి. గోడలు, దీపాలు, అలంకారాలు అన్నీ కథ చెప్పే పద్ధతిలో. 2011లో భవనాన్ని కొత్తగా తీర్చినప్పుడు ఆ ఏర్పాటు ఫ్రాన్స్వా కాన్ఫినో చేశాడు. ఇదే ఊళ్ళో మోలె అనే పెద్ద గోపురంలో ఉన్న జాతీయ సినిమా మ్యూజియానికీ ఆయనదే రూపకల్పన. కార్లని వరసగా నిలబెట్టి తెల్లటి వెలుగులో చూపిస్తేనే ఇష్టపడేవాళ్ళకి ఇది ఎక్కువ అనిపించవచ్చు. నాకైతే బాగానే ఉంది. ఇసోత్తాకి ఆమాత్రం నాటకీయత తగినదే.

పిల్లలతో వెళ్ళొచ్చు, లిఫ్టులున్నాయి, నాన్నలాంటి మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి ఇబ్బంది లేదు. మెట్రో ఒకటో లైనులో లింగొత్తో వైపు వచ్చి కాస్త నడవాలి. పో నది ఒడ్డు కాబట్టి నడక హాయిగా ఉంటుంది. సెలవు రోజులు కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి, ఇసోత్తా దగ్గర ఎవరూ తోసుకోకుండా కావలసినంతసేపు నిలబడొచ్చు. బాడీ బిల్డర్ల పాత కాగితాలు చూడాలన్న పట్టుదల ఉంటే మ్యూజియానికి డాక్యుమెంటేషన్ సెంటరు కూడా ఉంది, ముందుగా అడిగి వెళ్ళండి.

ముందు రోజు రాత్రి సినిమా చూసి రండి. మూడు చోట్ల ఆపి చూసుకోండి: గరాజులో దుమ్ము పట్టిన బండి, కొండ రోడ్ల మీద షికారు, స్టూడియో గేటు. బండి పక్క నుంచి, ముందు నుంచి ఎలా ఉందో ఫోన్‌లో ఫోటోలు పెట్టుకోండి. మౌటోలో చక్రాల దగ్గర నుంచి మొదలుపెట్టి, రేడియేటరు, బానెట్, తలుపులు ఒక్కొక్కటే పోల్చి చూడండి. పొద్దున మౌటో, మధ్యాహ్నం భోంచేసి మోలె పెట్టుకుంటే రెండూ ఒకే రోజులో అయిపోతాయి.